310 మీటర్ల కేబుల్, మూరెడు లింకు తీగ: పీణ్యలో ఒక ఫాల్ట్ కేసు

అక్టోబరు చివరి వారం. బెంగళూరులో నాలుగు రోజులుగా ముసురు వదల్లేదు. పీణ్యలో ఒక మెషిన్ షాపు నుంచి ఫోను వచ్చింది. వెనక షెడ్డుకు కరెంటు తీసుకెళ్ళే ఫీడరు ఆన్ చేయడమే ఆలస్యం, కరెంటు నేలలోకి కారితే సప్లై ఆపేసే ఎర్త్ ఫాల్ట్ రిలే కొట్టేస్తోంది. అక్కడ మెయింటెనెన్స్ చూసేది నెల్లూరాయన. "సామీ, మా ఓనరు కొత్త కేబులే లాగేద్దామంటున్నాడు. మీరొకసారి వచ్చి చూస్తే, ఆనక ఆయన ఇష్టం" అన్నాడు.

భూమిలో పూడ్చిన 1.1 కేవీ కేబుల్ అది. మూడున్నర కోర్ల (మూడు ఫేజు కోర్లు, వాటికన్నా సన్నని న్యూట్రల్ ఒకటి) 95 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం, ఎక్స్‌ఎల్‌పీఈ ఇన్సులేషను, పైన కాపుగా స్టీలు పట్టీల ఆర్మర్. డ్రాయింగులో పొడవు 310 మీటర్లు. ప్యానెల్ దగ్గర బయల్దేరి, క్యాంటీను పక్కన పేవర్ బ్లాకుల కింద నడిచి, కాంపౌండు గోడ వెంట మట్టిలో పోయి షెడ్డు చేరుతుంది.

రెండు చివరలూ విప్పించి, న్యూట్రల్ కూడా తీయించి, ఇన్సులేషను నిరోధం కొలిచే మెగ్గర్ పెట్టాను. వై ఫేజు 80 మెగా ఓమ్‌లు, బి ఫేజు 200 పైన. ఆర్ ఫేజు సున్నా. ఆర్ కోర్ తెగలేదు, ఆ కొస నుంచి ఈ కొసకు కంటిన్యుటీ ఉంది. ఒక్క కోర్ ఎక్కడో ఆర్మర్‌కు తగులుతోంది, మిగతావి బాగున్నాయి. బ్రిడ్జి పెట్టి వెతకడానికి ఇంతకన్నా అనువైన ఫాల్ట్ దొరకదు.

మల్టీమీటరుతో ఆర్ కోర్‌కూ ఆర్మర్‌కూ మధ్య చూస్తే 41 ఓమ్‌లు. ప్రోబులు తారుమారు చేస్తే 63. మా కుర్రాడు మీటరు పాడైందనుకున్నాడు. మీటరుది తప్పు కాదు. తడి మట్టిలో అల్యూమినియం ఒకవైపు, జింకు పూసిన ఉక్కు ఒకవైపు ఉంటే అదొక చిన్న సెల్లు. మిల్లీవోల్టు రేంజిలో పెట్టి చూపించాను, ఎక్కడా సప్లై లేకుండానే పది పన్నెండు మిల్లీవోల్టులు. మీటరు పంపే చిటికెడు కరెంటుకు అది ఒకసారి తోడవుతుంది, ఒకసారి ఎదురు తిరుగుతుంది. ప్రోబులు మారిస్తే రీడింగు ఇలా మారిందంటే లోపల నీళ్ళున్నాయని నేను అక్కడికక్కడే నమ్మేస్తాను.

బ్రిడ్జి సంగతి

ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్ ప్రాక్టికల్స్ చేసినవాళ్ళందరికీ మీటరు బ్రిడ్జి గుర్తుండే ఉంటుంది. చెక్క మీద బిగించిన మీటరు పొడుగు తీగ, రెండు ఖాళీలు, జాకీ, గాల్వనోమీటరు. ఒక ఖాళీలో తెలిసిన నిరోధం, రెండో దాంట్లో తెలియనిది పెట్టి, జాకీని తీగ మీద జరుపుతూ ముల్లు సున్నాకు వచ్చిన చోటు చూస్తాం. ఎడమ ఖాళీలో 10 ఓమ్‌లు పెట్టినప్పుడు 40 సెంటీమీటర్ల దగ్గర ముల్లు నిలిస్తే, కుడివైపు ఉన్నది 10 × 60 ÷ 40, అంటే 15 ఓమ్‌లు. బ్యాటరీ 2 వోల్టులైనా 6 వోల్టులైనా ముల్లు నిలిచే చోటు మారదు. గాల్వనోమీటరు పక్కా లెక్కగా చూపించనక్కర్లేదు, కరెంటు ఉందో లేదో చెబితే చాలు.

దీన్ని 1833లో మొదట చెప్పినవాడు శామ్యూల్ హంటర్ క్రిస్టీ. పదేళ్ళ తర్వాత, 1843లో, చార్లెస్ వీట్‌స్టన్ దాన్ని నలుగురికీ తెలిసేలా చేశాడు. క్రిస్టీ పేరు ఆయన దాచలేదు కూడా, అయినా లోకానికి వీట్‌స్టన్ బ్రిడ్జిగానే మిగిలింది.

నేను కుర్రాళ్ళకు చెప్పేటప్పుడు తక్కెడ అంటాను. ఒక పళ్ళెంలో రాళ్ళు, ఒక పళ్ళెంలో సరుకు, మధ్యలో ముల్లు. ముల్లు నిటారుగా నిలబడిందంటే అటూ ఇటూ సమానమని అర్థం. ఆ సమానంలో సరుకొక్కటే ఉందా అన్నది మాత్రం తక్కెడ చెప్పదు. పళ్ళెం అడుగున అంగడివాడు చింతపండు అంటించి ఉంటే దాన్నీ కలిపే తూస్తుంది. ఈ కేసులో చింతపండు అంటించింది మేమే.

కేబుల్ ఫాల్టుకు ఇదే బ్రిడ్జిని కాస్త మార్చి వాడతాం. మర్రే లూపు అంటారు. చెడిన ఆర్ కోర్‌నూ బాగున్న వై కోర్‌నూ దూరపు కొసలో కలిపేస్తే వెళ్ళి వచ్చే 620 మీటర్ల లూపు తయారవుతుంది. ఇవతలి కొసలో ఆ రెండు కోర్ల లగ్గులకు (కోర్ చివర బిగించే లోహపు బిళ్ళలకు) మీటరు బ్రిడ్జి తీగ రెండు చివరలూ కడతాం. గాల్వనోమీటరు కూడా ఆ రెండు లగ్గుల మధ్యే. బ్యాటరీ ఒక కొస జాకీకి, రెండో కొస ఆర్మర్‌కు. కరెంటు జాకీ దగ్గర రెండుగా చీలి, తీగలోంచి రెండు కోర్లలోకి పోయి, ఫాల్ట్ దగ్గర మళ్ళీ కలిసి ఆర్మర్ గుండా వెనక్కి వస్తుంది. ముల్లు సున్నాకు వచ్చినప్పుడు, తీగ మీద ఆర్ లగ్గు వైపు నుంచి జాకీ దాకా ఎన్ని సెంటీమీటర్లుంటే, లూపులో అన్ని వంతుల దూరంలో ఫాల్ట్ ఉన్నట్టు. 30 సెంటీమీటర్లు వస్తే 620లో నూటికి 30 వంతులు.

ఫాల్ట్ నిరోధం 41 అయినా 63 అయినా దిగులు లేదు. అది బ్యాటరీ దారిలో ఉంది, పళ్ళేలలో లేదు. తడి మట్టిలో పుట్టిన ఆ దొంగ సెల్లు కూడా బ్యాటరీతోనే కలిసిపోతుంది, సమానాన్ని చెరపదు. ఎండకు కేబుల్ వేడెక్కినా ఇబ్బంది లేదు. అల్యూమినియం నిరోధం డిగ్రీకి నూటికి 0.4 వంతు పెరుగుతుంది, కానీ రెండు కోర్లూ ఒకే తొడుగులో ఉన్నాయి కాబట్టి రెండూ ఒకే తీరున పెరుగుతాయి. మా కుర్రాడు వై బదులు న్యూట్రల్‌తో లూపు కడదామన్నాడు, లగ్గు చేతికి అందుబాటులో ఉందని. వద్దన్నాను. 95 కేబుల్‌లో న్యూట్రల్ 50 స్క్వేర్ ఎంఎం, ఒక మీటరు పొడవుకు దాని నిరోధం ఇంచుమించు రెట్టింపు. అలా కడితే పొడవులన్నీ మళ్ళీ వేరే లెక్క కట్టాలి.

నా బ్రిడ్జి ఎస్పీ రోడ్డులో పాత సామాను అంగట్లో దొరికింది, ఏదో కాలేజీ ల్యాబు వదిలించుకున్నది. తీగ మాత్రం నేను మాంగనిన్‌ది మార్చాను, మొత్తం మీద 9 ఓమ్‌ల దాకా ఉంటుంది. బ్యాటరీ 12 వోల్టుల యూపీఎస్ బ్యాటరీ. మైనస్‌ను ఎప్పుడూ కోర్ల వైపే, అంటే జాకీకే ఇస్తాను. ప్లస్ ఇస్తే తడిలో అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర పేరుకుని కరెంటు సన్నబడిపోతుంది, ముల్లు కదలడానికే బద్ధకిస్తుంది.

మొదటి గుంట

సాయంత్రం అయిదు దాటింది. వాన మళ్ళీ వచ్చేలా ఉంది. కుర్రాడు వెనక షెడ్డులో, నేను ప్యానెల్ దగ్గర. ఫోనులో అడిగాను.

"కలిపినావా?"

"కలిపినా అన్నా. గట్టిగా పట్టించినా."

జాకీ జరుపుతూ పోతే 27.9 దగ్గర ముల్లు నిలిచింది. బ్యాటరీ తీసి పెట్టి, తీసి పెట్టి మూడుసార్లు చూశాను, అక్కడే. 620లో 27.9 వంతులంటే 173 మీటర్లు. ప్యానెల్ దగ్గర చుట్టగా వదిలిన మూడు మీటర్లు తీసేసి, దారి వెంట టేపు పరిచి 170 దగ్గర సుద్దతో గీత గీశాను. పేవర్ బ్లాకుల మీద పడింది. అవతలి కొస నుంచి కూడా ఒకసారి చూడాలని తెలుసు. చీకటి పడుతోందని చూడలేదు. ఈ కేసులో నా తప్పు అదొక్కటే, అది చిన్న తప్పేం కాదు.

మర్నాడు పొద్దున పది గంటలకల్లా బ్లాకులు ఎత్తి రెండున్నర అడుగులు తవ్వారు. కేబుల్ కనిపించింది. పైన పరిచిన ఇటుకలు కూడా చెదరలేదు. నల్లగా, నున్నగా, నిన్న పాతినట్టుంది. అటు రెండడుగులు, ఇటు రెండడుగులు పెంచారు. తవ్వేవాళ్ళు రాయచూరు వైపు వాళ్ళు, అందులో పెద్దాయన పలుగు పక్కన పెట్టి "ఇల్లి ఏనూ ఇల్ల సార్" అన్నాడు. ఇక్కడేమీ లేదని నాకూ కనిపిస్తూనే ఉంది.

నెల్లూరాయన మంచివాడు, నన్ను ఏమీ అనలేదు. "డ్రాయింగు తప్పయ్యుంటది సామీ. 310 కాదేమో, ఇంకా ఎక్కువుందేమో. వేసినోళ్ళు ఎట్టేశారో ఎవురికి తెలుసు" అన్నాడు. కొట్టిపారేసే మాట కాదు. పొడవు తప్పయితే దూరమూ తప్పుతుంది. ఈ తీరు కేసుల్లో అందరికీ మొదట వచ్చే అనుమానం కూడా అదే.

ఈలోగా కుర్రాడు గుంటలోకి దిగి తడిగుడ్డతో కేబుల్ తుడిచాడు. తొడుగు మీద మీటరు మీటరుకూ అచ్చు వేసిన అంకెలుంటాయి కదా, అక్కడ 585 ఉంది. కేబుల్ ప్యానెల్లోకి దూరే గ్లాండు దగ్గర తుడిస్తే 412, షెడ్డులో 722. తేడా 310. డ్రాయింగు వేసినవాడెవరో గానీ చేతులెత్తి మొక్కవచ్చు. మేం తవ్వినది కూడా సరిగ్గా 173వ మీటరు దగ్గరే. టేపు తప్పలేదు, పొడవు తప్పలేదు. ఇక మిగిలింది 27.9 అన్న అంకె.

పళ్ళేలు మార్చి తూయడం

అంగడివాడి తక్కెడ మీద అనుమానం వస్తే మా అవ్వ ఒక పని చేసేది. సరుకును రాళ్ళ పళ్ళెంలోకి, రాళ్ళను సరుకు పళ్ళెంలోకి మార్చి మళ్ళీ తూయమనేది. ముల్లు వాలితే చింతపండు బయటపడుతుంది. కేబుల్‌కు ఇదే పని చేయాలంటే బ్రిడ్జిని అవతలి కొసకు మోసుకుపోయి, ఇవతల ఆర్, వై కోర్లను కలిపే లింకు కట్టాలి.

బ్రిడ్జి షెడ్డుకు చేరింది. కుర్రాడు అదే లింకు తీగ తెచ్చి ప్యానెల్ వైపు కట్టాడు. ముల్లు 18.4 దగ్గర నిలిచింది.

ఇక్కడ పొడవుతో పనిలేని ఒక లెక్క ఉంది. ఫాల్ట్ ఈ కొస నుంచి లూపులో ఎన్ని వంతులో, ఆ కొస నుంచి ఎన్ని వంతులో కలిపితే కేబుల్ ఒక పోగు మొత్తం కావాలి, అంటే లూపులో సగం. సెంటీమీటర్లలో 50. కేబుల్ 310 మీటర్లున్నా 3 కిలోమీటర్లున్నా 50 రావాల్సిందే. నాకు వచ్చింది 27.9, 18.4. కలిపితే 46.3.

నెల్లూరాయనకు కాగితం మీద వేసి చూపించాను. పొడవు తప్పయితే ఈ మొత్తం మారదు. మొత్తమే తగ్గిందంటే లూపులో కేబుల్ కానిది ఇంకేదో కూర్చుంది, దాన్ని కూడా బ్రిడ్జి కేబుల్‌గానే లెక్కేసింది. ఎంత కూర్చుందో కూడా ఆ రెండు అంకెలే చెబుతాయి. 95 అల్యూమినియం కోర్ కిలోమీటరుకు 0.32 ఓమ్, 620 మీటర్ల లూపు 198 మిల్లీ ఓమ్‌లు. 50ని 46.3తో భాగిస్తే 1.08. అంటే లూపు నూటికి ఎనిమిది వంతులు ఉబ్బింది, దగ్గర దగ్గర 16 మిల్లీ ఓమ్‌లు. ఫాల్ట్ కోసం పెట్టిన బ్రిడ్జి, మేం అడగని నిరోధం ఒకటి కొలిచి చేతిలో పెట్టింది.

"లింకు ఏదిరా?" అంటే తెచ్చి చూపించాడు. మూరెడు పైన 2.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగ, రెండు కొసలకూ మొసలి క్లిప్పులు. రాగి బాగానే ఉంది, దాని వంతు నాలుగు మిల్లీ ఓమ్‌లు మించదు. మిగతా పన్నెండూ క్లిప్పుల పళ్ళవి. తుప్పు పట్టిన పళ్ళు, మసి పట్టిన లగ్గు, రెండింటి మధ్య నాలుగైదు చుక్కల్లో తగులుతున్న లోహం. మామూలు పనుల్లో 16 మిల్లీ ఓమ్‌లు ఎవడికి పట్టింది? ఇంటి వైరింగులో అది లెక్కలోకే రాదు. ఇక్కడ ఒక్కో మీటరు పొడవు కేబుల్ 0.32 మిల్లీ ఓమ్. మూరెడు తీగ 50 మీటర్ల కేబుల్ వేషం వేసింది. మల్టీమీటరుతో ముందే చూసుకోవచ్చు కదా అనవద్దు, దాని ప్రోబులే ఒకటి రెండు వందల మిల్లీ ఓమ్‌లుంటాయి.

గాల్వనోమీటరు తీగలను బ్రిడ్జి పెట్టె దగ్గర కాకుండా నేరుగా లగ్గుల మీద పట్టించడం కూడా ఇందుకే. అలా చేస్తే బ్రిడ్జి నుంచి లగ్గుకు వచ్చే తీగల నిరోధం 9 ఓమ్‌ల మాంగనిన్ వైపు కలుస్తుంది, అక్కడ పది మిల్లీ ఓమ్‌లు కలిసినా నూటికి 0.1 వంతు. పెట్టె దగ్గర పట్టిస్తే అవి 198 మిల్లీ ఓమ్‌ల లూపులో కలుస్తాయి, అప్పుడు ఏకంగా అయిదు వంతులు. ఇంత జాగ్రత్త నేను ఇవతలి కొసలో పడ్డాను, అవతలి కొసను ఫోనుకు వదిలేశాను.

ఒకే లింకు రెండుసార్లూ ఒకేలా కట్టి ఉంటే కొలతను మళ్ళీ చేయకుండానే సరిచేయవచ్చు. 27.9ని 50తో గుణించి 46.3తో భాగిస్తే 30.13, అంటే ఇంచుమించు 187 మీటర్లు. కాకపోతే క్లిప్పును రెండోసారి అంతే బిగువుగా పట్టిందని ఎవరు హామీ ఇస్తారు? రెండో గుంట అంచనా మీద తవ్వించే ధైర్యం నాకు లేదు.

ఆర్, వై లగ్గులను ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్దించి, వెన్నూ వెన్నూ ఆనించి, 10 ఎంఎం బోల్టుతో నేరుగా బిగించాం. లింకు తీగే లేదు. ప్యానెల్ వైపు నుంచి 30.1. తర్వాత అక్కడ బోల్టు వేసి షెడ్డు నుంచి 19.8. కలిపితే 49.9. తీగ మీద ఒక మిల్లీమీటరంటే 62 సెంటీమీటర్ల కేబుల్, నా కళ్ళజోడుకు అంతకన్నా పట్టదు. వై బదులు బి కోర్‌తో కూడా చూశాను, అదే 30.1.

186.6 మీటర్లు. కేబుల్ మీది అంకెల్లో 598.6.

గుంటలో ఏముంది

పేవర్ బ్లాకులు దాటి, కాంపౌండు గోడ పక్కన ఉత్త మట్టి. తవ్వడం మొదలుపెట్టిన అడుగున్నరకే పలుగు టంగుమంది. బండ. బెంగళూరు నేల తీరే అంత, పైన ఎర్రమట్టి, ఎక్కడో ఒకచోట కింద నుంచి రాయి పొడుచుకుని వస్తుంది. కేబుల్ వేసినవాళ్ళు బండను కొట్టలేక దాని మీదుగానే పోనిచ్చారు. రెండున్నర అడుగుల లోతులో ఉండాల్సింది అక్కడ అడుగు మీద కొంచెమే.

తుడిస్తే 598. దాని తర్వాత రెండు జానల దూరంలో తొడుగు మీద రూపాయి బిళ్ళంత చిరుగు. ఆర్మర్ పట్టీలు రెండు లోపలికి నొక్కుకుపోయి, అంచులు ఎర్రగా తుప్పు పట్టాయి. పట్టీలు ఎత్తి చూస్తే ఆర్ కోర్ ఇన్సులేషను మీద నల్లటి గాడి, అందులో తడి సున్నంలా తెల్లటి పొడి. అల్యూమినియం నీళ్ళలో లీకేజీ కరెంటుతో తిన్న గుర్తు అది, వేలితో రాస్తే పిండిలా రాలింది.

చిరుగు ఎలా వచ్చిందో నెల్లూరాయనకే తట్టింది. ఆయుధ పూజకు అక్కడే షామియానా వేశారట. ఇనుప మేకులు సమ్మెటతో దిగ్గొట్టారు. బండ తగిలిందనుకుని ఇంకో రెండు దెబ్బలు వేసి ఉంటారు. పూజ నాడు ఫీడరు బాగానే నడిచింది, మేకు ఇన్సులేషను దాకా నొక్కిందే గానీ చీల్చలేదు. తర్వాత మూడు వారాల వానకు నీళ్ళు దిగి మిగతా పని కానిచ్చాయి.

ఆ ముక్క కోసేసి, కోర్ల కొసలను ఫెర్రూల్స్ అనే గొట్టాల్లో పెట్టి నొక్కి (క్రింప్ చేసి), హీట్ ష్రింక్ జాయింటు వేశాం. బండను ఒక పక్కకు కొట్టించి కేబుల్‌ను కిందికి దించి, పైన ఇసుక, ఇటుకలు పరిపించాం. 1000 వోల్టుల మెగ్గర్‌తో ఆర్ ఫేజు 500 మెగా ఓమ్‌ల పైన చూపించింది. సాయంత్రం ఆరింటికి ఫీడరు ఎక్కింది, రిలే మాట్లాడలేదు.

షాపుకు వచ్చాక ఆ లింకు తీగలో 1 ఆంపియరు పంపి రెండు కొసల మధ్య వోల్టేజి చూశాం. క్లిప్పులు నొక్కి పట్టుకుంటే 9 మిల్లీవోల్టులు, వదిలేస్తే 17, కాస్త కదిపితే 22. మిల్లీవోల్టు అంకే మిల్లీ ఓమ్ అంకె. కుర్రాడు దాన్ని పారేయలేదు, "50 మీటర్లు" అని అట్టముక్క మీద రాసి దానికే కట్టి గోడకు తగిలించాడు.

రిపోర్టులో రెండు జతల అంకెలూ రాశాను, 27.9, 18.4 కూడా. జాయింటు 186.4 మీటర్ల దగ్గర ఉందని డ్రాయింగు మీద ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టి ఇచ్చాను. మొదటి గుంట కూలీ, పేవర్ బ్లాకులు మళ్ళీ పరిచిన కూలీ బిల్లులో వేయలేదు.